తాతల నాటి వేట రైఫిల్‌కు తూటా ఎందుకు దొరకదు, ఇంట్లో నింపితే ఏమవుతుంది?

క్లుప్తంగా: వందేళ్ల కిందటి పెద్ద వేట రైఫిల్‌ను ఒక నిర్దిష్టమైన తూటా కోసం, ఒక నిర్దిష్టమైన తుపాకీ మందు కోసం తయారు చేశారు. ఆ తూటాల పాత తయారీ ఆగిపోయి దశాబ్దాలైంది, తర్వాత మళ్లీ మొదలైనవి ఇక్కడి దుకాణాల దాకా రావడం లేదు. ఖాళీ కేసుల్లో, అంటే పేలిన తూటాల ఇత్తడి గొట్టాల్లో, వేరే మందు నింపితే లోపలి ఒత్తిడి ఎంత పెరుగుతుందో కంటితో చూసి గానీ, త్రాసుతో తూచి గానీ తెలుసుకోలేం. లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం మన దేశంలో పెద్ద నేరం కూడా. ఈ ఇబ్బంది ఎలా వచ్చింది, రైఫిల్ లోపల అసలు ఏం జరుగుతుంది, ఇంట్లో ఇలాంటిది ఉన్నవాళ్లు ఏం చేయవచ్చు అన్నదే ఈ వ్యాసం.

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్లకు చేరుతుంటాయి. ఏళ్ల తరబడి బీరువాలోంచి బయటికి రాని ఆయుధాలు కూడా అప్పుడే బయటపడతాయి. వాటిలో అరుదుగా ఒక పాత విదేశీ రైఫిల్ కనిపిస్తుంది. బరువైన జంట బ్యారెళ్లు, పక్కన చెక్కిన పువ్వులు, బ్యారెల్ అడుగున ఏవో అంకెలు. నల్లమలలో, శేషాచలం కొండల్లో వేటకు అనుమతులున్న కాలంలో కొన్నవి అవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేట ముగిసింది. రైఫిల్ మాత్రం కొడుకు చేతికి, అక్కణ్ణుంచి మనవడి చేతికి వచ్చింది.

దాంతో పాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. దీనికి తూటాలు ఎక్కడ దొరుకుతాయి? దుకాణంలో లేవంటారు. పెట్టెలో పది పన్నెండు పాతవి ఉంటాయి. అవి పనికొస్తాయా? విదేశీ వీడియోల్లో ఎవరో ఖాళీ కేసుల్లో మళ్లీ మందు నింపుతుంటారు. మనమూ అలా నింపుకోవచ్చా? చివరి ప్రశ్నకు జవాబు తప్పయితే చేతి వేళ్లు, కంటిచూపు పోతాయి, కాబట్టి వివరంగానే చూడాలి.

పేరులో ఉన్న అంకె, గుండు అసలు కొలత

ముందు పేర్ల సంగతి. 1898లో జాన్ రిగ్బీ సంస్థ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటాను తెచ్చింది. అందులో గుండు బరువు 480 గ్రెయిన్లు, అంటే సుమారు 31 గ్రాములు. వేగం సెకనుకు 2,150 అడుగులు. ఏనుగు, అడవిదున్న, పులి లాంటి పెద్ద జంతువుల వేటలో అది చాలా త్వరగా పేరు తెచ్చుకుంది.

తర్వాత జరిగిన ఒక రాజకీయ నిర్ణయం ప్రభావం నేటికీ మన ఇళ్లలో కనిపిస్తోంది. బ్రిటిష్ సైన్యం పాత మార్టినీ హెన్రీ రైఫిళ్లు చాలా చోట్ల తిరుగుబాటుదారుల చేతుల్లోకి వెళ్లాయి. వాటి బోరు, అంటే బ్యారెల్ లోపలి కొలత, కూడా .450. ఆ సైజు సరుకు దొరికితే ఆ రైఫిళ్లకు తూటాలు అందుతాయన్న భయంతో 1900ల తొలి దశకంలో భారతదేశానికి, సూడాన్‌కు .450 బోరు దిగుమతులను నిషేధించారు. పెద్ద వేట రైఫిళ్లకు భారతదేశమే ముఖ్యమైన మార్కెట్. అందుకని ఇంగ్లండ్ తయారీదారులు ఒక్కొక్కరూ తలా ఒక కొత్త సైజు కనిపెట్టారు. .470, .465, .475, .476 అన్నీ ఆ తొందరలో పుట్టినవే. ఒక దానికి చేసిన తూటా ఇంకో దానికి పనికిరాదు. మన దేశంలో మిగిలిన పాత రైఫిళ్లు ఇన్ని రకాలుగా ఉండటానికి పెద్ద కారణం ఇదే.

పైగా పేరులోని అంకె గుండు అసలు వ్యాసాన్ని చెప్పదు. .450 గుండు వ్యాసం .458 అంగుళం. .404 జెఫరీ గుండు .423. .318 వెస్ట్‌లీ రిచర్డ్స్ గుండు ఏకంగా .330. మన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ .315 కూడా నిజానికి 8 మిల్లీమీటర్ల తూటా, దాని గుండు .323. పేరు చూసి గుండు ఎంచుకునేవాళ్లు మొదటి మెట్టు మీదే తప్పులో కాలేస్తారు. ఒక అంగుళంలో వెయ్యో వంతు, రెండు వెయ్యో వంతుల తేడా వింటే చిన్నదిగానే అనిపిస్తుంది. కానీ ఉక్కు బ్యారెల్‌లో బిగుసుకుని పోయే గుండుకు ఆ తేడా చాలా పెద్దది.

కార్డైట్ పోయింది, అంకెలు మిగిలాయి

ఈ రైఫిళ్లను కార్డైట్ అనే మందు కోసం చేశారు. 1889లో బ్రిటన్‌లో ఏబెల్, డ్యూవర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించారు. సేమ్యాలా సన్నని పుల్లలుగా ఉండేది. మొదటి రకంలో 58 శాతం నైట్రోగ్లిజరిన్, 37 శాతం గన్‌కాటన్, 5 శాతం పెట్రోలియం జెల్లీ. మన దేశ అవసరాల కోసం నీలగిరుల్లోని అరువంకాడులో 1903లో కార్డైట్ ఫ్యాక్టరీ పెట్టారు.

కార్డైట్‌కు ఒక బలహీనత ఉంది. ఎండ వేడికి అది చురుగ్గా మండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఇంగ్లండ్ చలిలో సరిపోయిన తూటా మన మే నెల ఎండలో ఒత్తిడి పెంచి, కేసును ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట) బిగదీసేది. అందుకే ఇక్కడికి, ఆఫ్రికాకు పంపే తూటాల్లో మందు తగ్గించి, వాటిని ఉష్ణ దేశాల తూటాలుగా వేరుగా అమ్మేవాళ్లు. నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాల్లో ఒత్తిడి తక్కువగా ఉంచడానికి ఒక కారణం కూడా ఈ వేడే. రెండో గుండు వెంటనే పేలాల్సిన చోట ఖాళీ కేసు ఇరుక్కుంటే వేటగాడి ప్రాణం పోతుంది.

ఈ తూటాలను ఎక్కువగా తయారు చేసిన కైనాక్ కంపెనీ 1970 ప్రాంతంలో వాటి తయారీ ఆపేసింది. తర్వాత 1990లలో అదే పేరుతో బ్రిటన్‌లో తయారీ మళ్లీ మొదలైంది గానీ, కడప, కర్నూలు దుకాణాల దాకా ఆ సరుకు రావడం అనేది లేదన్నట్టే.

రైఫిల్ మీద చెక్కిన అంకెలు మాత్రం అలాగే మిగిలిపోయాయి. .450 రైఫిల్ మీద 70, 480 అనే జంట అంకెలు కనిపిస్తాయి. 70 గ్రెయిన్ల కార్డైట్, 480 గ్రెయిన్ల గుండు అని దానర్థం. ఇక్కడే పెద్ద ఉచ్చు ఉంది. ఆ 70 కార్డైట్‌కు చెందిన లెక్క. నేటి మందుల్లో ప్రతి రకం మండే వేగం వేరు. ఒక రకం 70 గ్రెయిన్లు పోస్తే గుండు నీరసంగా బయటపడుతుంది, ఇంకో రకం అదే 70 పోస్తే రైఫిల్ చీలిపోతుంది. పూర్వీకులు రాసిపెట్టిన కొలత కదా అన్న నమ్మకంతో చేసే పొరపాటు ఇది.

ఇంకో ఉచ్చు ఇంతకంటే పాతది. కార్డైట్ నింపే తన నైట్రో తూటాకు రిగ్బీ కొత్త కేసు తయారు చేయలేదు. అప్పటికే పాతకాలపు నల్ల తుపాకీ మందుకు (బ్లాక్ పౌడర్) వాడుతున్న మూడుంపావు అంగుళాల కేసునే తీసుకున్నాడు. కాబట్టి నల్ల తుపాకీ మందు కోసం చేసిన, అంత గట్టితనం లేని పాత రైఫిల్‌లో కూడా నైట్రో తూటా చక్కగా కూర్చుంటుంది. కూర్చుంది కాబట్టి సరిపోయిందనుకుంటే ప్రమాదమే. ఈ రెండింటినీ వేరు చేసి చెప్పేవి బ్యారెల్ మీది ప్రూఫ్ ముద్రలే. లండన్, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లలో మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసి ముద్ర వేసేవాళ్లు. ఏ మందుకు పరీక్షించారో ఆ ముద్ర చెబుతుంది. దాన్ని చదవడం తెలిసిన మనిషి చూడకుండా ఆ రైఫిల్ గురించి ఏమీ చెప్పలేం.

కేసు లోపల ఏం జరుగుతుంది

తుపాకీ మందును ఆరుబయట కాగితం మీద పోసి అంటిస్తే బుస్సుమని మండి ఊరుకుంటుంది. మూసిన కేసులో అదే మందు ఇంకోలా ప్రవర్తిస్తుంది. మందు మండి గ్యాస్ పుడుతుంది, గ్యాస్‌తో ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగేకొద్దీ మందు ఇంకా వేగంగా మండుతుంది, ఇంకా గ్యాస్ పుడుతుంది. ఒకదాన్ని ఒకటి ఎగదోసుకునే ఈ పరుగును ఆపేది ఒక్కటే. గుండు ముందుకు జరిగి వెనక చోటు ఇవ్వడం. ఇదంతా సెకనులో వెయ్యో వంతు అటూ ఇటూగా ముగిసిపోతుంది.

ఒత్తిడి ఎంతో ఊహకు అందాలంటే వంటింటి ప్రెషర్ కుక్కర్‌తో పోల్చవచ్చు. విజిల్ వచ్చేటప్పుడు కుక్కర్‌లో బయటి గాలి కంటే సుమారు ఒక బార్ ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. పాత నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాలో అది రెండు వేల రెట్లకు పైనే. 1912లో వచ్చిన .375 మాగ్నమ్ లాంటి తూటాకు నేటి యూరప్ ప్రమాణాల ప్రకారం గరిష్ఠ పరిమితి 4,300 బార్. పాత జంట బ్యారెల్ రైఫిల్ తాళం, అంటే బ్యారెళ్లను వెనక మూసి పట్టే భాగం, తక్కువ ఒత్తిడి కోసం చేసింది. అలాంటి ఎక్కువ ఒత్తిడి తట్టుకునే బోల్ట్ రైఫిల్‌కు రాసిన లెక్కను దానికి వాడితే, మనిషి ముఖానికి జానెడు దూరంలో ఉన్న ఇనుము తట్టుకోలేని భారం దాని మీద పడుతుంది.

ఈ పరుగులో మొదట్లో వచ్చే చిన్న తేడా చివరికి పెద్దదవుతుంది. మందు ఐదు శాతం పెరిగితే ఒత్తిడి కూడా ఐదే శాతం పెరుగుతుందనుకోకూడదు. పెరుగుదల అంతకంటే ఎక్కువే ఉంటుంది. గుండు కేసులోకి కాస్త లోతుగా దిగితే లోపల చోటు తగ్గి ఒత్తిడి ఎగబాకుతుంది. ఇంకో కంపెనీ కేసు గోడ మందంగా ఉంటే అదే జరుగుతుంది. ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందును అంటించే చిన్న భాగం) మారినా, తూటా ఎండలో కాగినా, గుండు సీసం నుంచి గట్టి రాగికి మారినా ఒత్తిడి మారుతుంది. ఒక్కొక్కటీ విడిగా భరించగలిగేదే కావచ్చు. రెండు మూడు కలిసొస్తే మాత్రం బయటి నుంచి ఏ గుర్తూ కనిపించదు. అనుభవజ్ఞులు ప్రైమర్ చదునుదేలడం, కేసు బిగుసుకోవడం లాంటి గుర్తులు చూస్తారు. కానీ ఆ గుర్తులు ఆధునిక ఒత్తిళ్ల దగ్గర కనిపించేవి. పాత రైఫిల్‌లో అవి కనబడే సరికి దాని హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

అయితే తక్కువ మందు పోస్తే క్షేమమా? చాలామంది ఇలాగే అనుకుంటారు, ఇది కూడా నిజం కాదు. ఈ కేసులు పొడవైన పుల్లల కార్డైట్‌కు సరిపడేంత పెద్దవి. వాటిలో కొద్దిపాటి గుళికల మందు ఒక మూలకు జారి పడుకుంటుంది. ప్రైమర్ నిప్పు దాన్ని సరిగా అంటించదు. ఒక్కోసారి ట్రిగ్గర్ నొక్కాక ఆలస్యంగా పేలుతుంది. పేలలేదనుకుని రైఫిల్ విప్పబోయిన వాళ్ల చేతుల్లో పేలుతుంది. ఇంకోసారి గుండు బ్యారెల్ మధ్యలో ఆగిపోతుంది. అది గమనించకుండా రెండోది పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది లేదా చీలుతుంది. కాబట్టి ఈ రైఫిళ్లలో ప్రమాదం ఎక్కువ వైపూ ఉంది, తక్కువ వైపూ ఉంది. మధ్యలో క్షేమంగా ఉండే పట్టీ సన్ననిది, అదెక్కడుందో ఒత్తిడి కొలిచే పరికరాలున్న ప్రయోగశాలలకే తెలుస్తుంది.

జంట బ్యారెళ్ల లెక్క

జంట బ్యారెల్ రైఫిల్‌లో రెండు గొట్టాలు సమాంతరంగా ఉండవు, ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. కుడి బ్యారెల్ పేలినప్పుడు గుండు బయటికి వెళ్లే లోపే రైఫిల్ కుడివైపుకు, పైకి కొద్దిగా తిరుగుతుంది. ఎడమది పేలితే ఎడమకు తిరుగుతుంది. ఆ తిరుగుడును ముందే లెక్కలోకి తీసుకుని, రెండు గుండ్లూ ఒకే చోట తగిలేలా పనివాడు బ్యారెళ్ల మధ్య చీలను జరుపుతూ, పేలుస్తూ, మళ్లీ జరుపుతూ సర్దేవాడు. ఆ పనితనానికే అంత ధర.

ఆ సర్దుబాటు ఒకే తూటాకు, ఒకే వేగానికి. వేరే తూటా వేగంగా పోతే గుండు రైఫిల్ తిరిగే లోపే బయటపడుతుంది, రెండు దారులూ ఒకదాన్ని ఒకటి దాటుకుంటాయి. నెమ్మదిగా పోతే రెండూ విడిపోతాయి. పేలకుండా బయటపడినా, తగలాల్సిన చోట తగలదన్నమాట.

పెట్టెలో మిగిలిన తూటాలు

తాత పెట్టెలో మిగిలిన కైనాక్ తూటాల సంగతి వేరే చూడాలి. వాటికి వయసుతో పాటు నిల్వ చేసిన చోటు కూడా ముఖ్యం.

బ్రిటిష్ కాలంలో ఇక్కడి సైన్యానికి ఒక వింత సమస్య వచ్చింది. వానాకాలంలో గుర్రాల శాలల్లో దాచిన తూటాల ఇత్తడి కేసులు వాటంతటవే పగిలేవి. చాలా కాలం కారణం తెలియలేదు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా ఆవిరి, లాగి సాగదీసిన ఇత్తడిలో మిగిలిన బిగువు కలిసి పగుళ్లు తెస్తాయని 1921లో వివరించారు. మన పల్లెల్లో గొడ్ల కొట్టానికి ఆనుకున్న గదిలోనే పాత సామాను పెట్టె ఉండటం మామూలే. గేదెల మూత్రానిదీ అదే అమ్మోనియా. ఆ ఇత్తడి మెడ దగ్గర కంటికి కనిపించని పగులు ఉండవచ్చు.

పాత ప్రైమర్లలో పాదరసం ఉండేది. అది ఇత్తడితో కలిసి కేసును పెళుసుగా మారుస్తుంది. ఒకసారి పేలిన అలాంటి ఖాళీ కేసును మళ్లీ నింపడం అంటే గోడలో నెర్రె ఉన్న కుండను పొయ్యి మీద పెట్టడం లాంటిదే. ప్రైమర్ మాడాక మిగిలే ఉప్పు తేమను పీల్చి బ్యారెల్‌ను తుప్పు పట్టిస్తుంది. చాలా పాత రైఫిళ్ల లోపలి గరుకు ఇలా వచ్చిందే.

మందు కూడా ముసలిదవుతుంది. అందులోని గన్‌కాటన్, అంటే నైట్రోసెల్యులోజ్, కాలక్రమంలో విడిపోతూ ఆమ్ల వాయువులు వదులుతుంది, ఆ వాయువులు విడిపోవడాన్ని ఇంకా త్వరపెడతాయి. చెడిపోయిన ఇలాంటి మందు వల్లే 1911లో తూలోన్ రేవులో ఫ్రెంచి యుద్ధనౌక లిబర్టే పేలిపోయింది. వేడి ఈ పనిని వేగం చేస్తుంది. రేకుల కప్పు కింద, ఎండాకాలమంతా 40 డిగ్రీలు దాటే చోట ఏళ్ల తరబడి ఉన్న తూటా లోపల మందు ఏ స్థితిలో ఉందో బయటి మెరుపు చెప్పదు. పుల్లటి ఘాటు వాసన, పచ్చని చిలుము, గుండు చుట్టూ పొడి కనిపిస్తే వాటిని అసలు కదిలించకుండా పోలీసులకు చెప్పడం మంచిది.

విదేశాల్లో నింపేవాళ్లు ఎలా నింపుతారు

అమెరికా, బ్రిటన్ లాంటి దేశాల్లో చట్టబద్ధంగా తూటాలు నింపుకునే అలవాటు బాగా పాతుకుపోయింది. అక్కడా పాత రైఫిల్ విషయంలో మొదలయ్యేది కొలతతోనే. బ్యారెల్ లోపలి వ్యాసాన్ని, ఛాంబర్ ఆకారాన్ని అచ్చు తీసి నిపుణుడు కొలుస్తాడు. తాళం వదులుగా ఉందో లేదో చూస్తాడు. పూర్తిగా రాగితో చేసిన గట్టి గుండ్లు పాత పలచని బ్యారెళ్ల గాడులను పాడు చేస్తాయని వాటికి దూరంగా ఉంటారు. మందు లెక్క ఒత్తిడి కొలిచే ప్రయోగశాలలు అచ్చువేసిన పుస్తకాల నుంచి వస్తుంది. ఆ ప్రమాణాల కోసం యూరప్‌లో 1914 నుంచి, అమెరికాలో 1926 నుంచి సంస్థలు పనిచేస్తున్నాయి.

వీడియోలో కనిపించేది చివరి అంకం మాత్రమే. బల్ల మీద యంత్రం, గరాటు, త్రాసు. వెనకున్న కొలతలు, పుస్తకాలు, ప్రతి భాగమూ నాణ్యతతో దొరికే మార్కెట్ కెమెరాలో పడవు. అవేవీ లేని చోట టపాకాయల మందుతోనో, నాటు తుపాకీ మందుతోనో చేసే ప్రయత్నానికి ఆ పనితో పోలికే లేదు. టపాకాయల మందు పేలడానికి చేసింది, తోయడానికి కాదు.

మన చట్టం ఏమంటుంది

1959 ఆయుధాల చట్టంలో తూటా అన్న మాటకు అర్థం విశాలంగా ఉంది. తూటా విడిభాగాలు, తూటా తయారు చేసే యంత్రాలు కూడా సెక్షన్ 2 నిర్వచనంలోకి వస్తాయి. తయారీకి సెక్షన్ 5 కింద లైసెన్స్ తప్పనిసరి. చేతిలో ఉన్న రైఫిల్ లైసెన్స్ దానికి సరిపోదు, అది ఆయుధం దగ్గర ఉంచుకోవడానికి ఇచ్చింది. లైసెన్స్ లేకుండా తయారు చేస్తే 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పడవచ్చు. ఆ సవరణతోనే ఒక వ్యక్తి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది, లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

అడవిపందులు వేరుశనగ చేను తవ్వేస్తున్నాయి, పాత రైఫిల్ బయటికి తీస్తే తప్పేంటని అనంతపురం వైపు రైతుకు అనిపించవచ్చు. ఆ బాధ నిజమైనదే. కానీ పంట నష్టానికైనా వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద అధీకృత అధికారి అనుమతి లేనిదే కాల్చకూడదు. పంట కాపలా కోసం ఆయుధాల చట్టం చెప్పేది కూడా గాడుల్లేని నున్నటి బ్యారెల్ తుపాకీ గురించే. పెద్ద రైఫిల్ గుండు గురి తప్పితే పక్క చేను దాటి, కిలోమీటరు దాటి పోతుంది. చదునైన మెట్ట నేలలో దాన్ని ఆపడానికి ఏమీ ఉండదు.

ఇంట్లో ఉన్నవాళ్లకు ఉన్న దారులు

వారసత్వంగా వచ్చిన రైఫిల్‌ను ఉంచుకోవాలంటే 2016 ఆయుధ నిబంధనల్లో దారి ఉంది. లైసెన్స్‌దారు చనిపోయినా, 70 ఏళ్లు నిండినా, 25 ఏళ్లుగా ఆయుధం కలిగి ఉన్నా చట్టబద్ధ వారసుడు తన పేరిట లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఉంచుకోవడం వేరు, పేల్చడం వేరు. సరైన కంపెనీ తూటా చట్టబద్ధంగా దొరికి, లైసెన్స్ ఉన్న తుపాకీ పనివాడు రైఫిల్ చూసి బాగుందన్నప్పుడే రెండో మాట ఎత్తాలి. అప్పటిదాకా దాన్ని కుటుంబ జ్ఞాపకంగా చూసుకోవడమే మంచిది. మరమ్మతు చేసినా పేలనంతగా పాడైన పాతకాలపు ఆయుధాలకు సెక్షన్ 45లో మినహాయింపు ఉంది. కానీ తన ఆయుధం ఆ కోవలోకి వస్తుందని యజమాని తనకు తానే తేల్చుకోకూడదు, లైసెన్స్ ఇచ్చే అధికారి దగ్గర తేల్చుకోవాలి.

పాత తూటాలను నిప్పులో వేయకూడదు, బావిలో పడేయకూడదు, పట్టకారుతో గుండు ఊడదీసి లోపల ఏముందో చూడకూడదు. పిల్లలు ఉన్న ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం. లైసెన్స్‌దారు చనిపోయాక రైఫిల్ గానీ తూటాలు గానీ ఇంట్లో మిగిలితే, సెక్షన్ 21 ప్రకారం అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. తూటాలు ఎంత పాతవో, ఎక్కడ దాచి ఉన్నాయో ముందే ఫోన్ చేసి చెబితే, వాటిని సంచిలో వేసుకుని బస్సెక్కాల్సిన అవసరం లేకుండా ఎలా తీసుకెళ్లాలో స్టేషన్‌వాళ్లే చెబుతారు.